పలుకు

రాత్రే నానేశాను
రెండు గ్లాసుల పింటో చిక్కుడు గింజలు.
పిచ్చుక గుడ్ల మీదిలా ఒంటినిండా మచ్చలు.
ఏరుతుంటే ఒక రాయి దొరికింది,
అచ్చం గింజలాగే ఉంది, మచ్చతో సహా.
పారేయబుద్ధి కాక కిటికీ గట్టు మీద పెట్టాను.

అమరిల్లోలో గాలి ఏ పూటా ఊరుకోదు.
పడమటి నుంచి వీస్తే పశువుల దొడ్ల కంపు మోసుకొస్తుంది.
డబ్బు వాసన అంటారిక్కడ దాన్ని,
ముక్కు మూసుకోవడం మర్యాద కాదు.
ఆ వాసనతోనే ఈ ఇంటి బాకీ తీర్చాం,
ఆ వాసనతోనే మా వెర్నా పళ్లకి తీగలు కట్టించాం.

డెల్మర్ ముప్పై ఒక్క ఏళ్లు కబేళాలో చేశాడు.
అక్కడ గొలుసు ఆగదు, చెయ్యి ఆగకూడదు.
ఇంటికొచ్చి నిమ్మచెక్కతో గోళ్లు రుద్దుకుని
అప్పుడు భోజనానికి కూర్చునేవాడు.
ఇవాళ ఏం చూశావని నేను అడగలేదు.
ఇవాళ ఏం వండావని అతనూ అడగలేదు.

రిటైరైన మూడోవారం
పళ్లెంలో మాంసం ముక్కని మెల్లగా అంచుకి జరిపాడు,
నిద్రపోతున్న పిల్లని మంచం మీద జరిపినట్టు.
"ఇక చాల్లే, ఓర్లీన్."
డాక్టరేమన్నా అన్నాడా అంటే లేదన్నాడు.
పాస్టరా అంటే నవ్వాడు.

టెక్సస్‌లో చిల్లీ అంటే
మాంసం, మిరప, మొండితనం.
గింజ పడిందంటే మా అమ్మ కుండెత్తి కుమ్మరించేది.
ఆవిడ ఇనప కుండలోనే ఇవాళ నా అపచారం.

ఎండు ఆంచో కాయలు, ముడతలు పడ్డ ముదురెరుపు,
తొడిమ తుంచి, విత్తులు దులిపి
పొడి పెనం మీద అదిమాను.
ఘాటు లేచి ఇద్దరం ఒకేసారి దగ్గాం.
చాన్నాళ్లకి కలిసి చేసిన పని.

ఉల్లిపాయలు నేను తరుగుతానన్నాడు.
కత్తి చేతికి రాగానే పాత వేగం,
టకటకటక, బల్ల అదిరింది.
ఉన్నట్టుండి ఆగాడు.
తర్వాత నెమ్మదిగా, ఒక్కో పొరా విడదీసి, తరిగాడు,
వెనక ఎవరూ తరమడం లేదని
అప్పుడే తెలిసినవాడిలా.
కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. ఉల్లిపాయలే కదా.

నూనెలో జీలకర్ర చిటపట, వెల్లుల్లి,
నానిన మిరప ముద్ద, డబ్బా టమాటాలు,
ఒక చెంచా కోకో పొడి, చర్చిలో ఓపల్ చెప్పిన కిటుకు.
ఉప్పు మాత్రం ఆఖర్న,
ముందు వేస్తే తోలు బిరుసెక్కుతుందని అమ్మ మాట,
నిజమో కాదో, తప్పను.

రెండు గంటలైంది.
ఈ మైదానం నీళ్లు మొండివి, గింజ లొంగదు.
ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కాను.
"ఇంకా పలుకుంది" అన్నాను.

అతను గరిటె తిప్పుతున్నాడు.
తిప్పుతూ తిప్పుతూ, కుండలోకే చూస్తూ:
"మొదట్లో నన్ను తోలుడు దారి దగ్గర నిలబెట్టారు.
ఒక ఎర్ర కోడె, నుదుట తెల్ల మచ్చ,
వరసలో ఆగి నా గ్లవ్ నాకింది.
ఉప్పు కోసమనుకుంటా.
వెర్నా పుట్టిన ఏడు."

నేను మంట తగ్గించాను.
ఇంకేమీ అనలేదు. నేనూ పొడిగించలేదు.
గిన్నె కుతకుతలాడింది చాలాసేపు.

సాయంత్రం మా తమ్ముడు వెండెల్ వచ్చాడు,
టోపీ తియ్యకుండానే మూత తీశాడు.
"ఇది చిల్లీ కాదు" అన్నాడు,
రెండో పళ్లెం సగంలో ఉండగా.
"నచ్చిన పేరు పెట్టుకో,
ఆ మొక్కజొన్న రొట్టె ఇటు తొయ్యి" అన్నాడు డెల్మర్.

నా పంటి కింద ఒక గింజ కటుక్కుమంది.
ఇంకా పలుకుంది.
మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాను.
రేపు సన్నని సెగ మీద మళ్లీ పెడతాను,
చిల్లీ మర్నాటికే బావుంటుంది.